పదిహేడుసార్లు తీసేసిన వాక్యం

ఆ వాక్యం మొదటిసారి మార్చి 3న, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు వచ్చింది.

లోకకోశంలో శ్రీ వేణుగోపాల మైకా గని మీద ఒక వ్యాసం ఉంది. పన్నెండు వాక్యాల వ్యాసం. నెల్లూరు జిల్లాలో గూడూరుకు పడమర, తుమ్మలగుంటపాళెం దగ్గర ఉండిన గని అది. 1987 నవంబరు 12న నీళ్లు వచ్చి మునిగింది. తర్వాత తెరవలేదు. ప్రమాదంలో ముగ్గురు చనిపోయారని విచారణ నివేదిక చెప్పింది. వ్యాసమూ అదే చెప్పింది. ఆ మాట కింద ఎవరో ఇంకో వాక్యం చేర్చారు: "చనిపోయింది ముగ్గురు కాదు, పద్నాలుగు మంది."

మూలం ఇవ్వలేదు. పేరు పెట్టలేదు. కోదండపాణి తొమ్మిది నిమిషాల్లో దాన్ని తీసేశాడు.

లోకకోశం ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగు విజ్ఞాన సర్వస్వం. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. రాసిన ప్రతి మాటకూ మూలం చూపాలి. పుస్తకమో, పత్రికో, ప్రభుత్వ కాగితమో. చూపకపోతే తీసేస్తారు. తీసేసే పని పదకొండు మంది నిర్వాహకులది. జీతం లేదు. కోదండపాణి వాళ్లలో ఒకడు. సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి నెల్లూరులో రిటైరయ్యాడు. కొలవని హద్దును సర్వీసులో ఎప్పుడూ గీయలేదు. ఇక్కడా అదే పద్ధతి.

వాక్యం మార్చి 5న మళ్లీ వచ్చింది. 9న వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకు పదిహేడుసార్లు వచ్చింది. ప్రతిసారీ కోదండపాణి తీసేసి, కారణం గడిలో "మూలం లేదు" అని రాశాడు. పదిహేడోసారి పేజీకి తాళం వేశాడు. ఇక నిర్వాహకులు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేరు.

అతని అనుమానం మొదట గని పక్క భూముల మీదికి వెళ్లింది. అక్కడ క్వార్ట్జ్ తవ్వడానికి ఇద్దరు ముగ్గురు లీజుకు అర్జీలు పెట్టుకున్నారని పేపర్లో చూశాడు. ఒకరి మీద ఇంకొకరు బురద చల్లడానికి పాత ప్రమాదాన్ని వాడుకుంటున్నారేమో అనుకున్నాడు. ఒక నోటుబుక్కు తీసి పదిహేడు మార్పుల సమయాలనూ వరసగా రాసుకున్నాడు. అన్నీ ఉదయం పదికీ సాయంత్రం ఐదుకూ మధ్య. ఆదివారాలు లేవు. ఒంటిగంట నుంచి రెండు దాకా ఒక్కటీ లేదు. ఇంటర్నెట్ కనెక్షన్ గూడూరుది. అంటే అది ఇల్లు కాదు, అంగడో ఆఫీసో.

అతని భార్య అనసూయ భుజం మీదుగా ఆ పట్టిక చూసింది.

"దొంగకు తాళమేసినారు, సరే. వాడు ఎన్నింటికి అన్నం తింటాడో కూడా రాసుకుంటుండారే," అంది.

పట్టికలో తొమ్మిదో మార్పు దగ్గర అతను ఆగాడు. ఆ రోజు వాక్యం "మా నాయనతో కలిపి పద్నాలుగు మంది" అని మొదలైంది. నిమిషం తిరక్కముందే, రాసినవాళ్లే "మా నాయనతో కలిపి" కొట్టేసి మళ్లీ భద్రపరిచారు. లీజు కోసం రాసేవాడు ఆ మాటలు రాయడు. రాసినా, కొట్టెయ్యడు.

కోదండపాణి ఆ కనెక్షన్ పేరిట ఉన్న చర్చా పేజీలో ఒక సందేశం పెట్టాడు. మీరు ఎవరైనా కావచ్చు, మూలం చూపితే తాళం నేనే తీస్తాను అని. ఆరు రోజుల తర్వాత జవాబు వచ్చింది.

"మూలం మా అమ్మ. పేరు పాలేటి చెంగమ్మ. ఇంకో మూలం లేదు."

నిర్వాహకుల గ్రూపులో ఇది చదివి ఒకాయన, అమ్మల్ని మూలాలుగా ఒప్పుకుంటే మన వంటల వ్యాసాలన్నీ నెలరోజుల్లో పూర్తయిపోతాయని రాశాడు. మిగతావాళ్లు నవ్వు బొమ్మలు పెట్టారు. కోదండపాణి పెట్టలేదు. నిర్వాహకుడిగా ఎనిమిదేళ్లలో అతనికి ఇలాంటి జవాబు రాలేదు. పైగా ఆ ఏడాది, అమ్మను మూలంగా ఒప్పుకోవడానికి ఒక దారి ఉంది.

ఆ దారి తిరుపతిలో, ఒక పరిశోధనాశాల రెండో అంతస్తులో ఉంది. అక్కడి యంత్రం పేరు జాడ. తల మీద పెట్టే ఒక టోపీ, దానికి అరవై నాలుగు తీగలు, ఒక తెర. తయారు చేసింది డాక్టర్ షాహీన్ బృందం. మనిషి తాను చూసినదాన్ని గుర్తు తెచ్చుకుంటే మెదడులో చూపుకు సంబంధించిన భాగం ముందు కదులుతుంది, మాట తర్వాత వస్తుంది. విన్నదాన్ని గుర్తు తెచ్చుకుంటే వినికిడి భాగం ముందు కదులుతుంది. తేడా సెకనులో పదో వంతు కంటే తక్కువ. టోపీ ఆ తేడాను పట్టుకుంటుంది. చూసినదైతే తెర మీద గీత నీలం. విన్నదైతే పసుపు. చెప్పింది నిజమా అబద్ధమా అన్నది దానికి తెలియదు. ఆ మాట లోపలికి ఏ దారిన వచ్చిందో మాత్రమే తెలుసు.

కాగితం లేని ఊళ్లకూ పనులకూ ఇది పనికొస్తుందని లోకకోశం కమిటీ జనవరిలో ఏడాది ప్రయోగానికి ఒప్పుకుంది. కోదండపాణి పరిశీలనకు వెళ్లి, ముందు తానే కుర్చీలో కూర్చున్నాడు. తన పెళ్లినాడు బస్సు చెడిపోయిన సంగతి చెప్పాడు. నీలం. తర్వాత, నాలుగేళ్లప్పుడు తండ్రి తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని మైపాడు సముద్రంలోకి నడిచిన సంగతి చెప్పాడు. తండ్రి గురించి అతనికి గుర్తున్నది అదొక్కటే. మరుసటేడే ఆయన చనిపోయాడు. గీత పసుపు రంగులో వచ్చింది. షాహీన్ ఇంకోసారి చెప్పమంది. మళ్లీ పసుపు. అక్క చెప్పగా విన్నదై ఉంటుందని ఇంటికి వచ్చే దారిలో అతనికి అర్థమైంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. యంత్రాన్ని మాత్రం నమ్మాడు.

చిరునామా అడిగితే చర్చా పేజీలోనే వచ్చింది: గూడూరులో కోర్టు ఎదురు వీధిలో ఒక జిరాక్స్ అంగడి. అర్జీలు టైపు చేసే మనిషి పేరు సుభాషిణి. వయసు ముప్పై ఎనిమిది. కోదండపాణి తన పేరు చెప్పాడు.

"పదిహేడుసార్లు తీసేసింది మీరేనా సార్?"

"నేనే."

"కూర్చోండి," అని టీ చెప్పింది.

ఆమె పని ఆపకుండానే సంగతి చెప్పింది. గని మునిగినప్పుడు మూడు శవాలు నీటి మీదికి తేలాయి. మిగతావి రాలేదు. కంపెనీ రిజిస్టరులో ఇంకో పదకొండు పేర్లకు ఎదురుగా "పని మానేసి వెళ్లిపోయాడు" అని ఉంది. విచారణలో రిజిస్టరే చూశారు. ఆ పదకొండు మందిలో పది మంది దూరపు జిల్లాల కూలీలు. వాళ్ల కోసం వచ్చినవాళ్లు కొన్నాళ్లు తిరిగి వెళ్లిపోయారు. పదకొండోవాడు పాలేటి శీనయ్య, ఊరివాడు. సుభాషిణి అప్పటికి కడుపులో ఉంది. ఊళ్లో, శీనయ్య ఎవరినో వెంటబెట్టుకుని పోయాడన్నారు. ఆమె పెళ్లి కార్డులో తండ్రి పేరు ముందు "కీ.శే." వేస్తే పెద్దలు ఒప్పుకోలేదు, పోయాడని కాగితం చూపమన్నారు. ఏటా నవంబరు 12న చెంగమ్మ వంట చేసి ఆకు వేస్తుంది. బంధువులు రారు. బతికున్నవాడికి పెట్టే కూడు మేము తినం అంటారు.

ఆ సాయంత్రమే కోదండపాణి తుమ్మలగుంటపాళెం వెళ్లాడు. చెంగమ్మకు అరవై మూడేళ్లు. అప్పట్లో గని పైన, షెడ్డులో మైకా చీల్చే పని చేసేది. గంటసేపు మాట్లాడింది. మేక ఈనిన సంగతి, వాన, మేస్త్రీ తిట్లు, తనకు వేవిళ్లు, అన్నీ చెప్పింది. ఆ గంటలో ఆయన తెల్లారి నిచ్చెన మీద దిగడం తాను చూశానన్నది ఒక్క ముక్క.

"ఆయన పారిపోలేదని అందులో ఉంటే చాలు సార్," అంది. "చదువుకున్నోళ్లంతా చూసేది అదేనంటగా."

పరిశోధనాశాల వాళ్లు పరీక్షకు పెట్టాల్సిన వాక్యం ముందుగా పంపమంటారు. కోదండపాణి లోకకోశం పద్ధతిలో రాశాడు. తేదీ ఉండాలి, పూర్తి పేరు ఉండాలి, ఎవరి పక్షమూ ఉండకూడదు. "1987 నవంబరు 12న ఉదయం పాలేటి శీనయ్య గనిలోకి దిగాడు. నేను ప్రత్యక్షంగా చూశాను." ఎనిమిదేళ్లుగా అతను ఇతరుల వాక్యాలను ఇలాగే దిద్దుతున్నాడు. విషయం వాళ్లది, వాక్యం మాత్రమే తనది.

ఆ వాక్యం చెప్పమంటే చెంగమ్మ "ఆయన" అంటోంది. "ఆయన" అంటే ఎవరని చదివేవాళ్లు అడుగుతారు, పేరు చెప్పాలన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతురి వైపు చూసింది. పేరు పలకడానికి రెండు రోజులు పట్టింది. పరీక్షలో తడబడితే మళ్లీ తేదీ దొరకదని అతనికి భయం. మే 9 నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి వాక్యం తాను చదివి, ఆమెతో చెప్పించాడు. వారం తిరిగేసరికి ఆమె ఎక్కడా ఆగకుండా చెప్పింది.

ఫారంలో ఏడో ప్రశ్న: ఈ విషయం సాక్షికి ఎవరైనా చెప్పారా? "లేదు" అని రాసి అతను సంతకం పెట్టాడు.

పరీక్ష మే 20న జరిగింది. చెంగమ్మ టోపీ పెట్టుకుని కూర్చుంది. వాక్యం చెప్పింది. గీత పసుపు. షాహీన్ మళ్లీ చెప్పించింది. పసుపు. మూడోసారి కూడా అదే. కాగితం ప్రింటు తీసింది. "వినికిడి. తొంభై ఆరు శాతం."

కోదండపాణి ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చాడు. సుభాషిణి బెంచీ మీద ఉంది.

"ఈ మాట ఆమెకు ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"చెప్పేవాళ్లు ఎవురున్నారు సార్? ఎవురూ లేకనే గదా నేను రాసింది."

"నీ చిన్నప్పట్నుంచీ ఆమె నీకు చెప్పిందా, నువ్వు పెద్దదానివైనాక ఆమెకు చెప్పినావా?"

ఆమె కాగితం తీసుకుని చదివింది. మళ్లీ చదివింది. లోపల్నుంచి చెంగమ్మ వచ్చి, బాగా చెప్పినానా అని అడిగింది. బస్సులో సుభాషిణి ముందు సీట్లో కూర్చుంది, తల్లి వెనక సీట్లో.

పేజీకి తాళం అలాగే ఉంది. కోదండపాణి చర్చా పేజీలో, సాక్ష్యం నిలవలేదని ఒక పంక్తి రాశాడు. తర్వాత రెండు రోజులు యంత్రాన్ని అనుమానించాడు. పరిశోధనాశాలకు ఎవరు నిధులిస్తున్నారో వెతికాడు. అందులో గనుల వాళ్లెవరూ లేరు. రెండు వందల పన్నెండు మంది మీద చేసిన పాత పరీక్షల ఫలితాలు తెప్పించుకుని చదివాడు. తప్పులు తొమ్మిది. తనను కూర్చోబెట్టినప్పుడు అది పొరబడలేదు. అనుమానం మళ్లీ సుభాషిణి దగ్గరికే వచ్చింది. తండ్రి పారిపోయాడని అనిపించుకుంటూ పెరిగిన మనిషి తల్లికి ఒక కథ కట్టి ఇచ్చి ఉంటుంది. ఇన్నేళ్లకు తల్లి దాన్ని తన కంటితో చూసినదిగా నమ్ముతోంది. లెక్క సరిపోయింది.

పదో రోజు సుభాషిణి ఫోన్ చేసింది. అంగడి నుంచి కాదు, ఇంటి నుంచి.

"ఒక మాట అడగాలి సార్. ఆమె నాతో అబద్ధం చెప్పి ఉండొచ్చా?"

యంత్రం అబద్ధాల సంగతి చెప్పదని, విన్నదని మాత్రమే చెప్పిందని అతను అన్నాడు.

"మరి ఎవురి దగ్గర విన్నాది? గనికి పోతుండానని ఆయనే చెప్పి ఇంకో దోవన పోయినాడేమో. ఈమె దాన్నే పట్టుకోనుండాదేమో. ఇంతకాలం నేను ఊరోళ్లతో కొట్లాడిందంతా దీనికేనా?"

తల్లి ఇంటికి వెళ్లడం మానేశానని ఆమె చెప్పింది. తల్లి కబురు పెట్టిందట, అన్నానికి రమ్మని. పోలేదట.

జూన్ 4న కోదండపాణి పరీక్ష నివేదిక రాయడానికి కూర్చున్నాడు. రికార్డింగును ఇంకోసారి పెట్టుకున్నాడు. అనసూయ అదే బల్ల మీద గోరుచిక్కుళ్లు తుంచుతోంది. చెంగమ్మ గొంతు మూడుసార్లు వినిపించింది.

"ఎవురామె?"

అతను చెప్పాడు. ఫలితం కూడా చెప్పాడు.

"వినికిడి గాక ఇంకేమొస్తాది? ఇది ఆమె మాట కాదు, మీ మాట," అంది అనసూయ.

అతను వివరించబోయాడు. ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది.

"ప్రత్యక్షంగా అంట. ఆ మాట వదిలెయ్యండి. మొగుడి పేరు ఇంటిపేరుతో సహా చదవతా ఉండాది, రేషన్ కార్డు చూసి చదివినట్టు. ఆ వయసు మనిషి. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లయింది, నేనెప్పుడన్నా మీ పేరు పలికినానా? మీ ఆఫీసోళ్లు ఫోన్ చేసి పేరడిగితే కూడా పిల్లోడి చేతికిచ్చేదాన్ని. ఎవురో నేర్పితే తప్ప ఆ పేరు ఆమె నోట రాదు. ఎవురు నేర్పినారు?"

కోదండపాణి నోటుబుక్కు తెరిచాడు. చెంగమ్మకు చేసిన ఫోన్లు అందులో వరసగా ఉన్నాయి. ప్రతిదానికీ సమయం ఉంది. మే 9 నుంచి 19 దాకా, ఇరవై ఒక్కటి. అతను వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత షాహీన్‌కు ఫోన్ చేశాడు.

"ఎన్నిసార్లు?" అని ఆమె అడిగింది.

"ఇరవై ఒకటి."

"ఫారంలో లేదని రాశారు."

"నేను వాక్యమే నేర్పాను డాక్టర్‌గారూ. విషయం ఆమెదే."

"ఆ తేడా యంత్రానికి తెలీదు సార్. మనిషికి కూడా తెలీదు."

జ్ఞాపకాన్ని పైకి తీసిన ప్రతిసారీ మెదడు దాన్ని కొత్తగా దాచుకుంటుందని ఆమె చెప్పింది. తీసినప్పుడు పక్కన ఏది వినిపిస్తుంటే అదీ కలిసి దాగుతుంది. ఇరవై ఒక్కసార్లు తీస్తే, లోపల ఏం మిగిలిందో చూస్తే గాని తెలియదు. చెంగమ్మ సొంత మాటల్లో ఇంకోసారి చెప్పిద్దామంది.

సుభాషిణికి చెప్పాల్సిన పని కోదండపాణిది. గూడూరు వెళ్లి, అంగడిలో జనం ఉండగానే చెప్పాడు. అడిగింది తప్పని, కూతురు నేర్పలేదని, నేర్పింది తానని. ఆమె టైపు చేస్తున్న అర్జీ పూర్తి చేసి ప్రింటిచ్చాక మాట్లాడింది.

"మీరు పదిహేడుసార్లు తీసేసినా నాకు కోపం రాలేదు సార్," అంది. పరీక్షకు తల్లిని తీసుకొస్తానంది.

జూన్ 14. అదే గది. షాహీన్ ఈసారి వాక్యం పెట్టలేదు. ఆ పొద్దున ఏం జరిగిందో నీకు వచ్చినట్టు చెప్పమ్మా అంది. చెంగమ్మ మొదలుపెట్టింది. ఆయన లేచినాడు, మేకకు ఆకేసినాడు, గనికాడికి పోయినాము. ఇక్కడి దాకా గీత నీలానికీ పసుపుకూ మధ్య ఊగింది. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి పసుపు. షాహీన్ ఆపి, నీళ్లిచ్చి, మళ్లీ మొదట్నుంచి చెప్పించింది. నాలుగుసార్లు. నాలుగుసార్లూ నిచ్చెన దగ్గర పసుపే.

నాలుగోసారి చెంగమ్మ తనంతట తనే ఆగింది.

"సార్," అంది, కోదండపాణి వైపు చూసి. "ముందు నాకు ఆయన దిగేది కనపడేది. తల ఒకటే పైనుండేది, తర్వాత అదీ పోయేది. ఇప్పుడు అది కనపడటంలా. ఆ చోటికి రాంగానే మీ గొంతు ఇనపడతా ఉండాది."

కోదండపాణి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ పొద్దుకు సాక్షి ఒక్కరే. మూలం లేదని పదిహేడుసార్లు రాసిన మనిషి, ఉన్న ఒక్క మూలాన్నీ పదకొండు రోజుల్లో చెరిపేశాడు.

షాహీన్ టోపీ తీయడానికి లేచింది. అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉన్న సుభాషిణి మాట్లాడింది. మొదటి పరీక్ష తర్వాత గని గురించి తల్లితో అదే మొదటి మాట.

"పొద్దునది పోనీ. ఆ సాయంత్రం నువ్వు ఇంటికెట్టొచ్చినావు?"

సాయంత్రం గురించి కోదండపాణి ఎప్పుడూ అడగలేదు. దిగడమే వ్యాసానికి కావాలి. సాయంత్రం అందులో లేదు. షాహీన్ చెయ్యి టోపీ మీద ఆగింది.

"ఎట్టొచ్చేదేంది, నడిచే వచ్చినా," అంది చెంగమ్మ. "వాన. అందర్నీ తరిమేసినారు. నేను గని బావి మూతికాడికి పొయినా, ఆయన చెప్పులుండాయి."

"చెప్పులా?"

"నిచ్చెన కొయ్యది. తడిస్తే జారతాదని చెప్పులు ఎవురూ ఏసుకోని దిగరు. మూతికాడ ఇడిచిపెడతారు, పైకొచ్చినాక ఏసుకుంటారు. ఆయనవి కొత్తవి, టైరువి. ఎడమదానికి పట్టీ తెగితే నేనే ఎర్రదారంతో కట్టిచ్చినా. వాన నీళ్లు నిలబడుండాయి వాటిల్లో. వంపేసి చంకలో పెట్టుకోని వచ్చినా."

తెర మీద గీత మొదట్నుంచి చివరి దాకా నీలంగా ఉంది.

షాహీన్ చెయ్యి ఎత్తి, ఇంక అడగొద్దని సైగ చేసింది. ప్రింటు తీసింది. "చూపు. తొంభై ఎనిమిది శాతం." కాగితం కోదండపాణికి ఇచ్చింది. అతను అంకె చూసి, ఆమెకే తిరిగి ఇచ్చాడు. ఈ విషయం సాక్షికి ఎవరైనా చెప్పారా అన్న గడిలో ఏదీ రాయలేదు. ఆ గడి మీరే నింపండి అన్నాడు.

టోపీ తీశాక చెంగమ్మ జుట్టుకు జిగురు అంటుకుని ఉంది. సుభాషిణి తడిగుడ్డ తీసుకుని తల్లి వెనక నిలబడి ఒక్కో పాయా తుడిచింది.

"నాకెప్పుడూ చెప్పలేదే," అంది.

"నువ్వడగలా. అందరూ దిగినాడా లేదా అనే అడిగిరి."

"ఏమైనాయవి?"

"నువ్వు పుట్టిందాకా ఉంచినా. తర్వాత మీ అవ్వ పారేసింది, చూస్తా ఉంటే నాకు పాలు పడటంలేదని."

జూన్ 16న కోదండపాణి నివేదిక పెట్టాడు. నాలుగు పేజీలు. ఇరవై ఒక్క ఫోన్ల సమయాలూ అందులో ఉన్నాయి. శీనయ్య గనిలోకి దిగడానికి ఇక సాక్ష్యం దొరకదని, దాన్ని చెరిపింది తానని రాశాడు. నిర్వాహక పదవి వదులుకున్నాడు. వ్యాసంలో ఒక వాక్యం చేర్చడానికి అనుమతి అడిగాడు.

చర్చ తొమ్మిది రోజులు సాగింది. చెప్పులు బయట ఉన్నాయంటే మనిషి లోపల ఉన్నట్టే కదా, శీనయ్యను మృతుల్లో చేర్చమని ఇద్దరు అన్నారు. వద్దన్నవాళ్లలో మొదటివాడు కోదండపాణి. మూలంలో ఉన్నదే రాయాలి, దాని నుంచి తాము ఊహించింది రాయకూడదన్నది లోకకోశం నియమం. సాక్షి చెప్పులు చూసింది. అంతవరకే. వంటల వ్యాసాల గురించి రాసిన నిర్వాహకుడే చివరికి తాళం తీశాడు.

వ్యాసంలో ఇప్పుడు ఇలా ఉంది: "ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. మరో పదకొండు మంది అంతకుముందే పని మానేసి వెళ్లిపోయారని కంపెనీ రిజిస్టరులో ఉంది. వారిలో ఒకరైన పాలేటి శీనయ్య చెప్పులు ఆ సాయంత్రం గని మూతి దగ్గర ఉన్నాయి. కార్మికులు చెప్పులు అక్కడ విడిచి లోపలికి దిగేవారు. వాటిని ఆయన భార్య ఇంటికి తీసుకెళ్లింది."

సుభాషిణి ఆ పేజీని అంగడిలో ప్రింటు తీసి ఊరికి తీసుకెళ్లింది. "కీ.శే." వద్దన్న పెద్దల్లో ఒకాయన ఇంకా ఉన్నాడు. ఆయన దాన్ని చదివించుకుని, నవంబరులో కబురు పెట్టమన్నాడట.

జులై 2న వ్యాసం చర్చా పేజీలో, పేరు లేని ఒక పాఠకుడు ప్రశ్న పెట్టాడు. ఇంతకుముందు ఎక్కడా కనబడని కనెక్షన్. "ఆ సాయంత్రం అక్కడ మొత్తం ఎన్ని జతల చెప్పులు ఉన్నాయి?"

కోదండపాణి అది ఉదయం ఆరింటికి చూశాడు. ఎప్పటిలా, ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్న అనుమానం ముందు వచ్చింది. కనెక్షన్ ఎక్కడిదో వెతకబోయి మానుకున్నాడు. చర్చా పేజీని సుభాషిణి చూసేలోపే ఆమెకు ఫోన్ చేశాడు. కొన్నాళ్లు ఆ పేజీ తెరవొద్దని, అమ్మతో గని సంగతులేవీ మాట్లాడొద్దని, వచ్చే సోమవారం ఆమెను తిరుపతికి తీసుకురావాలని చెప్పాడు.

"మళ్లీ ఏమడుగుతారు సార్ ఆమెను?"

"నీకు చెప్పకూడదమ్మా," అన్నాడు కోదండపాణి. "అడిగేది డాక్టర్‌గారు. నేను ఆ గదిలోకి రాను."